కంచు గొంతు

వీధి వీధంతా ఆయన్ని కంచు అనే పిలుస్తుంది. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో! పొద్దున్నే ఉప్పునీళ్లు పుక్కిలించి, స్నానాలగదిలో బకెట్టు బోర్లించి కూర్చుని గొంతు సవరించాడంటే పక్కింటి పిల్ల ఉలిక్కిపడి లేవాల్సిందే. ఆ తరువాత ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఫొటోల కవరు చంకన పెట్టుకుని వేషాల వేటకు బయల్దేరతాడు. ఏ ఆడిషన్‌కి వెళ్లినా ఒకటే మాట: "మొహం పరవాలేదు, కబురు చేస్తాం." తీరా కబురొస్తే అది గుంపులో నిలబడే మూగ వేషం. "నన్నొక్కసారి నోరు తెరవనివ్వండ్రా, అప్పుడు తెలుస్తుంది!" అని ఇంటికొచ్చి భార్య మీద ఎగిరేవాడు.

ఎట్టకేలకు డాక్టరు వేషం దొరికింది. నాలుగు ముక్కలు మాట్లాడాలి. చూపు ఆనని తల్లిని, "చూడక్కర్లేదమ్మా, విందువుగాని రా" అంటూ చెయ్యి పట్టుకుని సినిమాహాలుకి తీసుకెళ్లాడు. తెర మీద ఆపరేషన్ గది తలుపు తెరుచుకుంది. మొహానికున్న గుడ్డ తీసి కంచు నోరు విప్పాడు. వచ్చిందేమో ఇంకెవరి గొంతో! మెత్తగా, వెన్న రాసినట్టు ఉంది. ఆయనకు మాటమాత్రం చెప్పకుండా డబ్బింగ్ వేరేవాడి చేత చెప్పించేశారు. కంచు ఉన్నచోటనే కొయ్యబారిపోయాడు. పక్క సీట్లో ఉన్న భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తల్లి కొడుకు మోచెయ్యి పొడిచింది. "ఈ డాక్టరెవడో గానీ ఏం గొంతురా నాయనా! వాణ్ణి చూసి నేర్చుకోరాదూ? ఇంతకీ నీ మాటెప్పుడొస్తుంది?"

"నా వేషం కత్తిరించేశారమ్మా," అన్నాడు కంచు.

తెర మీద ఆయన నోరు ఇంకా కదులుతూనే ఉంది.