బాలక్క ఓటు, నా ముక్కు తూటు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటినీ వరసగా నిలబెడితే జహీరాబాద్ బస్టాండు నుంచి చిరాగ్‌పల్లి దాకా వస్తాయి. వాటిలో అన్నిటికంటే ముందు నిలబడేదాన్ని ఇప్పుడు చెబుతాను. నవ్వండి, నేనేమీ అనుకోను. చివరిదాకా నవ్వగలిగితే మాత్రం మీరు నాకంటే గట్టివాళ్లు.

ఎనభైల మొదట్లో నేను జహీరాబాద్‌లో కొత్త పంతులిని. ఓటర్ల లిస్టు సవరించే పని పంతుళ్ల నెత్తిన పడేది. మిగతావాళ్లు అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతూ పాత లిస్టునే కొత్త కాగితం మీదికి ఎక్కించేవారు. నేను మాత్రం ఇల్లిల్లూ తిరిగాను. దేశమంతా నా పెన్ను కోసమే కాచుకుని ఉందని నమ్మే వయసు అది.

ఆ తిరుగుడులోనే బాలక్క ఇంటికి వెళ్లాను. న్యాల్‌కల్ వైపు పల్లెలో మగపిల్లాడిగా పుట్టి, ఎల్లమ్మకు మొక్కుబడిగా ఇవ్వబడి, చీర కట్టిన మనిషి. కర్ణాటక పక్కనే కాబట్టి మావైపు ఇలాంటివారిని జోగప్పలంటారు. ఎల్లమ్మ విగ్రహమున్న గంప నెత్తిన పెట్టుకుని ఆమె వస్తే ఆడవాళ్లు కాళ్లు కడిగి బియ్యం పోసేవారు. పాత లిస్టులో ఆమె పేరు బాలమ్మ, స్త్రీ. ఏళ్లుగా ఆడవాళ్ల లైన్లో నిలబడి ఓటు వేసి వస్తోంది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. అదే నాకు పెద్ద ఇబ్బంది అయింది.

తప్పు దొరికిందన్న సంబరంలో, పుట్టుకతో ఏదైతే లిస్టులోనూ అదే రాయాలి, చట్టం అంతేనని ఉపన్యాసం దంచాను. ఆ చట్టం నేను చదివిన పాపాన పోలేదు. అలా ఉండి తీరాలని నాకు తోచింది, అంతే.

బాలక్క చేటలో బియ్యం ఏరుతూ నెమ్మదిగా చెప్పింది. "సారూ, ఏడాది పొడుగూత నన్ను కొందరు మొక్కుతరు, కొందరు నవ్వుతరు. ఓట్ల నాడు ఒక్కటే అందరి లెక్క లైన్ల నిలవడ్త. జర గట్లనే ఉండనియ్యున్రి."

రూలు రూలే అన్నాను. ఆమె తలెత్తి నా మొహంలోకి చూసింది.

"మరి మీ ముక్కుకు తూటేంది సారూ?"

ఇక్కడ నా ముక్కు సంగతి చెప్పక తప్పదు. నాకు ముందు పుట్టిన మగపిల్లలు దక్కలేదు. అందుకని మా ఊరు మొగుడంపల్లిలో మా అమ్మ నాకు ముక్కు కుట్టించి, లంగా తొడిగి, జడ వేసి, చావు కళ్లుగప్పింది. బళ్లో వేసేటప్పుడు కూడా ఆడపిల్ల అనే రాయించింది. గండం గడిచాక మా నాన్న వెళ్లి ఒక్క మాట చెబితే హెడ్మాస్టరు నవ్వి కొట్టేసి మగపిల్లాడని దిద్దాడు. ముక్కు తూటు మాత్రం పూడలేదు. కాలేజీలో దాని మీద పడ్డ జోకులు ఇంకా చెవిలో మోగుతుండగా బాలక్క దాన్ని అడిగింది. నాకు ఒళ్లు మండింది. 'స్త్రీ' కొట్టేసి 'పురుషుడు' అని కాగితం చిరిగేంత గట్టిగా రాశాను.

ఎన్నికల రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని మగవాళ్ల లైన్లో నిలబడ్డాను. ఆడవాళ్ల లైన్లో బాలక్క వంతు రాగానే, లిస్టులో మగ అని ఉంది, పక్క లైనుకు పొమ్మన్నారు. ఆమె మా లైన్లోకి వచ్చింది. ఎవడో ఈల వేశాడు. ఎవడో కొంగు లాగాడు. తీరా బల్ల దగ్గరికి వెళ్తే, మగవాడి ఓటు చీర కట్టుకున్న ఈమెకెందుకు ఇవ్వాలి, ఇది దొంగ ఓటు అన్నాడు ఆఫీసరు.

బుద్ధున్నవాడు ఇక్కడ నోరు మూసుకుంటాడు. నేను లైన్లోంచి ముందుకొచ్చి, లిస్టు కరెక్టేనని, స్వయంగా విచారించి రాసింది నేనేనని, ఈమె మగాయన అని చెప్పాను.

"ఈమె మగాయనా? ఏదో ఒకటి చెప్పు పంతులూ" అన్నాడు ఆఫీసరు.

గది గదంతా నవ్వింది. నేను చట్టం విప్పి చెప్పడం మొదలుపెట్టాను. చెప్పినకొద్దీ నవ్వులు పెరిగాయి. చివరికి ఒక ఏజెంటు, రుజువు చూపిస్తారా అని అడిగాడు. బాలక్క ఆ నవ్వు అయిపోయేదాకా ఆగలేదు. వెళ్తూ వెళ్తూ నా పక్కన నిలబడింది.

"ఎల్లమ్మ నన్ను ఏమడగకుండనే తీస్కున్నది సారూ. మీ సర్కారు చీర ఇప్పమంటున్నది."

నాకు సిగ్గేసింది. సిగ్గేసినా నా ఓటు నేను వేసే వచ్చాను, అది వేరే సిగ్గు.

దిద్దిన చేత్తోనే మళ్లీ 'స్త్రీ' అని దిద్దాలని తాలూకాఫీసుకు అర్జీ పెట్టాను. డాక్టరు సర్టిఫికెట్ తెమ్మన్నారు. మా దవాఖానలో, ఇది మా వల్ల కాదు, పెద్ద దవాఖానకు పొమ్మన్నారు. అక్కడ పరీక్ష చేస్తారు, ఒక్కసారి ఓర్చుకోమని బాలక్కను బతిమాలబోయాను. ఆమె తలుపు వేసుకుంది. మర్యాదగానే వేసుకుంది.

తర్వాతి లిస్టులో ఆమె పేరే లేదు. పరుగెత్తుకెళ్లి గుమాస్తాను అడిగాను.

"తప్పున్నదని మీరే రాసిన్రు గద సార్. విచారణ చేసినం. ఆ ఇంట్ల బాలమ్మ అనే మగాయన ఎవ్వలు లేరు. పేరు తీసెయ్యాలంటే కారణం ఉండాలె. చచ్చిపోయిన్రని రాసినం. దానికి డాక్టరు సర్టిఫికెట్ ఎవ్వలడుగలే" అన్నాడు.

మా అమ్మ అబద్ధం రాయించి నన్ను చావు చేతికి చిక్కకుండా దాచింది. నేను నిజం రాస్తున్నాననుకుని బతికున్న మనిషిని చంపాను. చదువుకున్నవాడిని కదా, ఆ మాత్రం తేడా ఉంటుంది.

ఈ సంగతి చెప్పడానికి వెళ్లేసరికి బాలక్క గడపలో కూర్చుని ఉంది. విని, నా ముక్కు వంక చూసింది.

"చచ్చిపోయిన్నా సారూ? ఆడిదాని లెక్కనా, మగోని లెక్కనా?"

అందుచేత ముక్కు తూటు మీద వేలు పెట్టి మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో పిల్లల ఎక్కాలు తప్ప మరే తప్పూ దిద్దను.