అత్త వెంట వెళ్లిన కత్తి

అరకు కొండల్లో ఉండే మా మేనత్త ఈ వానల్లో పోయింది. "అమ్మ ఎల్లిపోనాది, బేగి రా" అని బావ ఫోన్ చేశాడు. విశాఖలో పనిముట్లు అమ్మే షాపులో నా ఉద్యోగం. అప్పటికప్పుడు సెలవడిగి బస్సెక్కాను.

రోజూ కత్తులు అమ్మేవాణ్ణి కదా, నాకు అంతా తెలుసన్న పొగరు. అత్త కత్తి చూస్తే నవ్వొచ్చేది. లారీ కమాను పట్టీ కొట్టించి చేయించుకున్న మొద్దు ముక్క, కొస కిందికి వంగి ఉండేది. వెదురు దుంప పిడి వదులైతే లక్క కరిగించి పోసి తనే బిగించుకునేది. హాస్టల్ సెలవులకి నేనొస్తే లేత వెదురు మొలకలు, అదే వెదురు కొమ్ములు, తరిగి కూర వండిపెట్టింది ఆ కత్తితోనే. ఆ సంగతి మరిచి, దాని తుప్పు చూడలేక ఓసారి మా షాపులో కత్తొకటి తెచ్చిచ్చాను. తళతళలాడే స్టీలు, నల్ల రబ్బరు పిడి, వీపున రంపం పళ్లు.

అత్త దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"వెదురు సీల్సేటప్పుడు ఈపు మీద కర్రతో కొట్టాల కదా. ఈ పళ్లు ఏటికిరా అల్లుడా?"

"జన్మలో తుప్పు పట్టదత్తా!"

"కత్తిని కంటితో కాదురా, మణికట్టుతో సూడాల" అని నవ్వి, ఒక వెదురు చీల్చబోయింది. కొట్టే కర్ర పళ్లలో ఇరుక్కుంది. తడిచేతిలో పిడి జారింది. నా మొహం చూసి జాలిపడిందేమో, తుడిచి చూరులో దోపింది. ఎవరొచ్చినా "మా అల్లుడు తెచ్చినాడు" అని తీసి చూపించేది. పనికి మాత్రం పాతదే. అంత మంచిది మా అత్త.

మా వాళ్లలో పోయినవాళ్ల పనిముట్టొకటి పూడ్చినచోట మట్టి మీద పెడతారు. ఆ లోకంలోనూ పని చేసుకోవాలి కదా! బావ చూరులోంచి నేనిచ్చిన కత్తి తీశాడు.

"ఇదంటే పేనం అమ్మకి. ఎవుర్నీ ముట్టనిచ్చీది కాదు" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

అది వద్దు బావా, దాంతో వెదురు చీలదు అనాలి. మాట నోటిదాకా వచ్చింది. అంతమంది ముందు నా కత్తి పనికిరాదని ఒప్పుకోవడానికి నామోషీ అడ్డొచ్చి తలూపాను. ఛీ, ఏం బతుకు నాది! పైగా ముసలాళ్లు నన్నే మెచ్చుకున్నారు. అత్త పాత కత్తి బావ నడుముకెక్కింది.

దినానికి మళ్లీ వెళ్లాను. వాన వదలకుండా కురుస్తోంది. అత్తని పూడ్చినచోట మట్టి కుంగిపోయింది, పెట్టిన పూలు కుళ్లిపోయాయి. కత్తి మాత్రం తుప్పు మచ్చ లేకుండా మెరుస్తోంది.