ఇస్త్రీ అన్న పట్టిన ఎండ

పదకొండు రోజుల కింద, బుధవారం తెల్లారేసరికి, ఎల్లారెడ్డిలో మా ఇంటి ఎదురుగా ఉండే ఇస్త్రీ అన్న పోయాడు. ఊపిరాడక దమ్ము ఎక్కువైందని ముందురోజే కామారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోయారు. పొద్దున ఆయన బిడ్డ ఫోన్ చేసి, "కాకా, బాపు లేడు" అంది. వాకిట్లోకి వచ్చి చూస్తే, ఎదురు అరుగు మీద ఆయన బొగ్గుల ఇస్త్రీపెట్టె మూత తెరిచి ఉంది. లోపల చల్లారిన బూడిద.

ఈ నాలుగు మాటలు రాయడానికి వారం పైనే పట్టింది. ఏడో తరగతితో చదువు ఆపినవాణ్ణి, అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి. ఈ వారం రోజులు తిరిగి తిరిగి మోకాళ్లు మాట వినడం లేదు. అయినా రాయాలి. నా కొడుకు ఈ రోజు నా పక్కన కూర్చుని అన్నం తింటున్నాడంటే అందులో ఆయన చెయ్యి ఉంది. ఆ సంతోషం ఎంతని చెప్పను? లోకంలో నా అంత అదృష్టవంతుడు లేడని రోజుకు పదిసార్లు అనుకుంటాను. అనుకున్న ప్రతిసారీ ఎదురు అరుగు కనిపిస్తుంది.

ఆయన నాకు చుట్టం కాదు. నాకంటే ఐదారేళ్లు పెద్ద కాబట్టి అన్నా అన్నాను, అంతే. ఇస్త్రీపెట్టె వేడి చూడాలంటే చెంప దగ్గరికి తెచ్చుకునేవాడు. అంగీ జేబుల్లో దొరికిన చిట్టీలు, గుండీలు, ఒకసారైతే ఎవరిదో పన్ను, అన్నీ రుమాలులో మూటగట్టి ఎవరివి వారికి ఇచ్చేవాడు. మరక కనిపిస్తే ముందు వాసన చూసేవాడు. "గిది కల్లు. గిది బిడ్డ పాలు. గిది ఏడ్సిన కాటుక" అని చెప్పేవాడు. నన్ను మాత్రం ఏనాడూ ఊరికే పోనిచ్చేవాడు కాదు.

"అంగి సాపు చేస్త గని తమ్మీ, నీ మొఖం సాపు చేసుడు నాతోని కాదు."

"నీ పెట్టెల బొగ్గులు సరిపోవే అన్నా" అనేవాణ్ణి.

ఇక మావాడి సంగతి. ఆరేళ్లు దుబాయిలో, ఒక పెద్ద మేడ కింద చీకటి సెల్లారులో కార్లు కడిగాడు. తిరిగొచ్చి కామారెడ్డిలో టైర్ల కొట్టులో పనికి కుదిరాడు. రోజూ బస్సులో పోవడం, రావడం. ఆ జీతం చాలక మళ్లీ దుబాయి ఏజెంటుతో మాట్లాడాడు. వీసా కాగితం కూడా వచ్చింది. అప్పుడే, చివరి ప్రయత్నం అన్నట్టుగా, ఇంటి దగ్గర ఆదివారాలు కార్ల పని మొదలుపెట్టాడు. ఉత్త కడగడం కాదు, లోపల సీట్లు, పైకప్పు గుడ్డ, అద్దాల సందులు, పైన పాలిష్, అన్నీ కొత్తబండిలా చేయడం. దాన్ని డీటెయిలింగ్ అంటారట. నాకు నోరు తిరగలేదు. ఒక వాక్యూమ్, ఒక నీళ్ల పంపు, నాలుగు బకెట్లు, మా వాకిలి. అదే కొట్టు.

"బాపు, నాలుగు ఆదివారాలు చూస్త. నడిస్తె ఉంట. నడువకుంటె పోత" అన్నాడు.

నేను సరే అన్నాను. పోవద్దని చెప్పే ముఖం నాకు లేదు. మొదటిసారి పంపింది నేనే.

మొదటి ఆదివారం ఎవరూ రాలేదు. రెండో ఆదివారం మా బావమరిది తన ఆటో తెచ్చి ఊరికే కడిగించుకుని చాయ్ తాగి పోయాడు. మూడో ఆదివారం తాడ్వాయి నుంచి ఒక పంతులు కారు వచ్చింది. ఆయన మెచ్చుకుని పోయాడు గానీ మళ్లీ ఎప్పుడొస్తాడో చెప్పలేదు. ఎదురు అరుగు మీంచి అన్న అన్నీ చూస్తూనే ఉన్నాడు. "ఇంత చేసినంక కారుకు ఇస్త్రీ ఒక్కటే తక్వ" అని నవ్వేవాడు.

నాలుగో ఆదివారం పొద్దున, టైర్ల కొట్టుకు వచ్చే కామారెడ్డి పెద్దమనిషి ఒకాయన కొత్త కారు తెచ్చి ఆపాడు. ఆయన బిడ్డను మా ఎల్లారెడ్డిలోనే ఇచ్చారు. పుట్టింట్లో ఆ అమ్మాయి కొంగులో శుభమని ఒడిబియ్యం పోసి, అత్తగారింట్లో దింపి ఇటు వచ్చాడు. పసుపు, నెయ్యి కలిపిన బియ్యం కదా, దారిలో ఒడిమూట సందులోంచి కారి, ముందు సీటు మీద జానెడు మరక పడింది. గోధుమపిండి రంగు సీటు. సాయంత్రం తిరిగి పోయేలోగా శుభ్రం చెయ్యమన్నాడు.

మావాడిది దుబాయిలో నేర్చిన చెయ్యి. సబ్బు నురగ కొట్టి బ్రష్షు వేశాడు. రెండు నిమిషాల్లో ఆ మరక ఎర్రబడింది. ఎరుపంటే మామూలు ఎరుపు కాదు, అచ్చం నెత్తురులా. తుడిచినకొద్దీ ఇంకా పాకింది. దుబాయిలో వాడు ఇసుక చూశాడు, కాఫీ మరకలు చూశాడు. ఒడిబియ్యం ఎక్కడ చూస్తాడు?

సరిగ్గా అప్పుడే ఆ పెద్దమనిషి ఫోను మరిచిపోయానని వెనక్కి వచ్చాడు. సీటు చూశాడు.

"ఏందిరా గిది? నా బిడ్డ ఒడిలకెల్లి పడ్డ బియ్యం మరకను నెత్తురు లెక్క చేసినవ్. దాని అత్త చూస్తే ఏమంటది? అపశకునమనదా?"

మావాడి చేతిలో బ్రష్షు అలాగే ఉంది. నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "రేపు ఏజెంటు కాడికి పోత బాపు."

నేను గోడ పట్టుకున్నాను.

వెనకనుంచి మాట వినబడింది. "పోతె పో. మరక తీసినంక పో."

ఇస్త్రీ అన్న బనీను మీదనే గల్లీ దాటి వచ్చాడు. వంగి సీటు వాసన చూశాడు. "సబ్బు వెట్టినవా? పసుపుకు సబ్బు తాకితె కోపమొస్తది. కోపమొచ్చినోన్ని రుద్దుతరా ఎవలన్న?"

పెద్దమనిషి, "నువ్వెవలు?" అన్నాడు.

"బట్టలు ఇస్త్రీ చేసేటోన్ని సారు. ఊరోళ్ల మరకలన్ని నాకెరుకనే. మీరు వియ్యంకుని ఇంట్ల బువ్వ తిని సాయంత్రం రాండ్రి. మీ సీటు మీకు అప్పజెప్త."

ఆయన నమ్మి పోయాడో, చేసేదేమీ లేక పోయాడో తెలియదు. అన్న తడిగుడ్డతో సబ్బంతా అద్దించాడు. నిమ్మకాయ పిండిన నీళ్లు చల్లించాడు. మా కళ్ల ముందే ఎరుపు విరిగి మళ్లీ పసుపైంది. నెయ్యి జిడ్డుకు ముఖానికి రాసుకునే పౌడరు జల్లి దులిపించాడు. "ఇగ మిగిలింది ఎండ పని. పసుపు ఎండకే భయపడ్తది" అని కారు తలుపులు నాలుగూ బార్లా తెరిపించాడు.

మాది తూర్పు వాకిలి. మధ్యాహ్నం దాకా సీటు మీద ఎండ బాగా కాసింది. మరక సగానికి సగం వెలిసింది. ఆ తర్వాత మా ఇంటి నీడే మా వాకిలిని కప్పేసింది. గల్లీ ఇరుకు, కారు బయట పెడితే ట్రాక్టర్లు పోవు. మావాడు తల పట్టుకున్నాడు.

అన్న ఇంట్లోకి పోయి గోడకున్న అద్దం తెచ్చాడు. మూరెడు పొడుగుంటుంది. ఆయన అరుగు పడమర ముఖం, దాని మీద ఇంకా నిండా ఎండ ఉంది. అరుగు మీద నిలబడి అద్దం వంచాడు. ఎండ గల్లీ దాటి, మా గేటు దాటి, తెరిచిన తలుపులోంచి పోయి సీటు మీద పడింది.

అలా రెండు గంటలు. ఆయన చేతులు వణికితే సీటు మీద ఎండ కూడా వణికేది. కొంతసేపు నేను పట్టాను. నా చేతుల్లో ఇంకా ఎక్కువ వణికింది. "గిటియ్యి, నువ్వు ఎండను గూడ ముడతలు జేస్తున్నవ్" అని లాక్కున్నాడు. మావాడు పడతానంటే ఒప్పుకోలేదు. "నువ్వు ఆడ్నే ఉండి ఎండ మరక మీదికెల్లి పోకుంట చెప్పు" అన్నాడు. వాడు కారు పక్కన నిలబడి "పెద్దబాపు, జర్ర కిందికి... జర్ర ఇటు" అంటుంటే, ఆయన అద్దం జరుపుతుంటే, నేను మధ్యలో స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. ఒకసారి అన్నకు దగ్గు వచ్చి ఆగాడు. ఎండ మా గోడ మీదికి ఎగిరిపోయి, మళ్లీ వెతుక్కుంటూ సీటు మీదికి వచ్చింది.

సాయంత్రం పెద్దమనిషి వచ్చి సీటు తడిమాడు. చెయ్యి వాసన చూసుకున్నాడు. కుట్టు సందులో సన్నగా, దారమంత పసుపు మిగిలి ఉంది. వేలు పెట్టి చూపించాడు.

అన్న అన్నాడు. "అది తీయొచ్చు సారు, తీయలే. బిడ్డ ఒడిబియ్యం గద. మొత్తం కడుగొద్దు."

ఆయన కారెక్కి కూర్చుని కాసేపు ఆ కుట్టు వైపే చూశాడు. పోతూ పోతూ మావాడితో, "వచ్చే ఆదివారం మా తమ్ముని బండి పంపుత" అన్నాడు.

మర్నాడు మావాడు ఏజెంటుకు ఫోన్ చేసి రానని చెప్పాడు. నేను లోపలికి పోయి, వీళ్లు చూడకుండా కళ్లు తుడుచుకున్నాను. బయటికి వచ్చేసరికి ఇస్త్రీ అన్న అరుగు మీంచి, "తమ్మీ, ఏడ్సిన మరక గూడ దొర్కవడ్తది" అన్నాడు.

ఇప్పటికీ వాడు టైర్ల కొట్టుకు పోతూనే ఉన్నాడు. ఆదివారాలు మాత్రం మా వాకిలి ఖాళీగా ఉండదు. సదాశివనగర్ నుంచి కూడా బండ్లు వస్తున్నాయి. ప్రతి ఆదివారం అన్న వచ్చి ఒక్కో కారులో తల పెట్టి వాసన చూసి, ఏ సీటు మీద ఏం పడిందో చెప్పిపోయేవాడు. డబ్బు ఇవ్వబోతే, చాయ్ పోయించమనేవాడు. మేమంతా ఆయనకు అలవాటు పడిపోయాం, ఆయన దగ్గుకు కూడా. ఆ దగ్గును ఇంకాస్త ముందు పట్టించుకోవాల్సింది. ఇది నా మనసులో ఉంటుంది.

ఆయన్ను కాటికి తీసుకుపోయేరోజు జనంలో నడవలేక నడుస్తూ చూశాను. ముందు నడిచేవాళ్ల అంగీల మీద, వెనక నడిచేవాళ్ల అంగీల మీద, అన్నీ ఆయన మడతలే. నా ఒంటి మీద కూడా.

నిన్న ఆయన బిడ్డ ఇంటికి తాళం వేస్తూ, "కాకా, అద్దం మీరే ఉంచుకోండ్రి" అంది. మావాడు దాన్ని మా ఇంటికి తేలేదు. ఆమెను అడిగి, ఆ అరుగు గోడకే రెండు మేకులు కొట్టి, వెనక ఒక చెక్కముక్క పెట్టి, కొంచెం వంచి బిగించాడు.

ఈ రోజు ఆదివారం. వాకిట్లో ఎవరిదో కారు తలుపులు తెరిచి ఉంది. నేను స్టూలు మీద కూర్చుని ఉన్నాను. నాలుగు కాగానే ఎండ గల్లీ దాటి వచ్చి ముందు సీటు మీద పడింది. చాలాసేపు చూశాను. అది వణకడం లేదు.