వెనక్కి తిరగని బిడ్డ

ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే చెన్నకేశవాచారికి కలలంటే మంట. కూతురు లక్ష్మి విషజ్వరంతో పోయి ఏడాది దాటింది. ఆ పిల్ల కలలోకి వచ్చినప్పుడల్లా వీపే కనపడేది. ఎర్ర రిబ్బన్ల రెండు జడలు, ఒక పక్కకు జారిన పావడా. పిలిస్తే పలకదు. దగ్గరికి పోదామంటే కాళ్లు కదలవు. మెలకువ రాగానే ఆ కోపమంతా భార్య భారతమ్మ మీద చూపేవాడు. చెంబులో నీళ్లు లేవనో, దుప్పటి గుచ్చుకుంటోందనో ఏదో ఒకటి.

పగలు బిడ్డ మొహం గుర్తు చేసుకోబోతే ముక్కు గుర్తొచ్చేది, కళ్లు గుర్తొచ్చేవి. అన్నీ కలిపి చూస్తే ఎవరో వేరే పిల్ల. ఎన్ని ఊళ్లకో అమ్మవార్ల మొహాలు దిద్ది పంపినవాడికి సొంత బిడ్డ మొహం అందడం లేదు. ఫోటో అయినా లేదు. తీయిద్దామని భారతమ్మ అడిగినప్పుడు, “నేనుండంగ ఫోటో ఎందుకే? రాతిలో దించుతా సూడు” అన్నాడు. దించే లోపల పిల్ల పోయింది.

1957 వేసవిలో రంగయ్య శెట్టి కడప రోడ్డు పక్క బయలులో టూరింగ్ టాకీసు డేరా వేశాడు. అరవం నుంచి తెలుగులోకి మార్చిన సినిమా ఒకటి తెచ్చాడు. పేరు నోరు తిరగక అందరూ దాన్ని యంత్రం సినిమా అన్నారు. అందులో ఒక శాస్త్రజ్ఞుడు ఇనుప టోపీ పెట్టుకుని, గోడకున్న మీట లాగి, తెలిసి తెలిసి తన కలలోకి నడిచిపోతాడు.

“ఆ టోపీ మా అల్లునికి పెట్టకండప్పా! టోపీ లేకనే పగలంతా కలల్లో ఉంటాడు వాడు” అని నేలమీద కూర్చున్న ఎవరో అరిచారు. డేరా అంతా నవ్వింది.

ఆచారి నవ్వలేదు. తెర మీద ఏటి ఒడ్డున ఒక చిన్నపిల్ల అటు తిరిగి నిలబడి ఉంది. శాస్త్రజ్ఞుడి చనిపోయిన కూతురట. ఆయన ఎన్ని కలల్లోకి పోయినా ఆ పిల్ల ఇటు తిరగదు. ఉన్నది ఒక్కటే మెషిను కనుక రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగి, సోడాలవాళ్లు, బొరుగులవాళ్లు మీద పడుతుంటే పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాడు. ఆ తండ్రి బిడ్డను ఎట్లా తిప్పుకుంటాడో చూడాలి. ఆయనకు కావలసింది అదొక్కటే.

చివరి రీలు వచ్చింది. శాస్త్రజ్ఞుడు ఆఖరిసారి మీట లాగాడు. యంత్రం పొగలు కక్కింది. ఆయన పిల్ల వెనక్కి వెళ్లి నిలబడి, నోరు తెరిచాడు. అంతే, ఠక్కున తెర మీద పెళ్లిపందిరి, ఆడపిల్లల కోలాటం, శుభం.

మర్నాడు నంద్యాల నుంచి బావమరిది ఆదినారాయణ వచ్చాడు. అక్కడి హాల్లో అదే సినిమా చూశాడట.

“ఆయప్ప ఏందో ఒక మాట అంటాడు బావా. ఆ పిల్ల తిరుగుతాది. హాలు హాలంతా ఏడుపే.”

“ఏం మాట?”

“నేనూ ఏడుస్తాంటి. యాడ వినపడతాది?”

ఆచారి నేరుగా డేరాకు పోయాడు. “పిల్ల తిరిగే ముక్క యాడ శెట్టీ?”

“కోయించినా.”

“ఏందీ?”

“ఏడ్చిపోయిన ఆడోళ్లు మళ్లీ రారు ఆచారీ. బిడ్డ సచ్చిన కత చూపించి శుభం వేస్తే ఎట్ల? అందుకే ఇంకో సినిమాలో కోలాటం తెచ్చి అతికిచ్చినా. నువ్వు దేవునికి ఏడుపు మొగం పెడ్తావా?”

“పెట్టను.”

“మరింకేంది!”

ఆచారి ఒక కుర్చీని తన్ని బయటికి వచ్చాడు.

శుక్రవారం పొద్దున సగం చెక్కిన ఆంజనేయుణ్ణి వదిలేసి నంద్యాల బస్సెక్కాడు. హాలు దగ్గర గోడ మీద కొత్త బొమ్మ. అతికించిన మైదా తడి ఇంకా ఆరలేదు. “శుక్రారం గదన్నా, మార్చినారు” అన్నాడు టిక్కెట్లవాడు. శుక్రవారం సినిమా మారుతుందని తాలూకా అంతటికీ తెలుసు. రాయి తప్ప మరొకటి పట్టనివాడికి తెలియలేదు. తిరుగు బస్సులో పక్కన కూర్చున్నవాడు ఏ ఊరని అడిగితే, “నీకెందుకు?” అన్నాడు.

ఆళ్లగడ్డలో దిగేసరికి డేరా విప్పేస్తున్నారు. ఆపరేటర్ జకరయ్య రీళ్లు పెట్టెలో సర్దుతున్నాడు. విషయం విని, రేకు డబ్బాలోంచి చుట్టిన ఫిల్ము ముక్క తీశాడు.

“ఇదేనన్నా నేను కోసింది. పెట్టె కంపెనీకి పోకముందే మళ్లీ అతికియ్యాల.”

“ఒక్కసారి ఆడించు జకరయ్యా, నీకు పుణ్యముంటాది.”

“దేంతో ఆడించేది? కరెంటిచ్చే ఇంజను బండెక్కి కోయిలకుంట్లకు పాయె.”

ఆచారి ఆ ముక్కను ఎండకు ఎత్తి పట్టాడు. గోరంత బొమ్మలు ఒకదాని కింద ఒకటి. ఒకదాంట్లో భుజం కదిలింది, ఒకదాంట్లో చెవి కనపడింది, తర్వాత చెంప, తర్వాత మొహమంతా. గుండ్రటి మొహం. ఎవరి బిడ్డో. అది ఆయనకు ముందే తెలుసు. ఆయన వెతికింది ఆ తండ్రి నోటిని. నోరు తెరిచే ఉంది.

“మాట యాడుంటాది?”

జకరయ్య ఫిల్ము అంచున వంకరటింకరగా పోయే సన్నటి తెల్లగీత చూపించాడు. “ఇదేనన్నా మాట. మెషిన్లో పడితే పలుకుతాది.”

ఆచారి దాని మీద గోరు పెట్టి పైనుంచి కిందికి తడిమాడు. రాతిలో గీత ఏదైనా వేలికి తెలుస్తుంది. ఇది తెలియలేదు.

“దినామూ ఆడిస్తావు గదా, ఏమంటాడో చెప్పు!”

“కోసినాక ఆడించింది యాడ? అంతకు ముందు ఒకసారి ఆడించినా గానీ, మెషిన్ చప్పుట్లో ఏ సినిమా మాటా నాకు వినపడదన్నా.”

ఇంటికి వచ్చి ఆచారి పైగుడ్డ విసిరికొట్టి, జరిగింది చెప్పాడు. కొర్రబియ్యంలో రాళ్లు ఏరుతున్న భారతమ్మ అంతా విన్నది.

“ఆ మాట కోసమా ఇంత తిరుగుడు? పిలిస్తే మన లక్ష్మి ఎప్పుడు తిరిగిందయ్యా?”

“అంటే?”

“తిరగొద్దని నువ్వే గదా నేర్పితివి.”

ఆచారి రాళ్లు చెక్కే కొట్టం వైపు చూశాడు. రాతి పలుకులు కంట్లో పడతాయని, కొట్టంలోకి వచ్చిన పిల్లలను రాయికి వీపు పెట్టి కూర్చోబెట్టడం వాళ్ల ఇళ్లలో అలవాటు. ఆయన తండ్రి ఆయన్నీ అట్లాగే కూర్చోబెట్టాడు. లక్ష్మి బడి వదలగానే పలక తెచ్చుకుని కొట్టంలో ఒక మూల అటు తిరిగి కూర్చునేది. ఒకసారి తిరగబోతే సుత్తి ఎత్తి బెదిరించాడు కూడా.

“నీ ఉలి సప్పుడు ఆగితేనే తిరిగేది. తిరిగి, ‘అయిపాయనా నాయనా?’ అనేది. మరిస్తివా?” అని భారతమ్మ మళ్లీ చేటలోకి వంగింది.

కలలో ఆ చప్పుడు ఉంటుందా? ఉంటుంది. ఎప్పుడూ ఉంది. తన చేతి చప్పుడే కనుక చెవికి పట్టలేదు.

మర్నాడు కొట్టంలో ఆంజనేయుడి ముందు కూర్చుని నాలుగు దెబ్బలు కొట్టి, ఆపి, మూలకు చూశాడు. మళ్లీ కొట్టాడు, ఆపాడు. బాటన పోయే తిమ్మయ్య నిలబడి, “ఏందాచారీ, ఖాళీగా కూచున్యావు?” అన్నాడు.

“పని చేస్తాండా. పోప్పా నీ దోవన” అని కసిరాడు ఆచారి. అని, ఉలి కింద పెట్టి మళ్లీ మూలకు చూశాడు.