వీపు మీద ఒక వేలు

మా వీధిలో అందరికీ ఆమె లెక్కల వదిన. మనిషి పడకుండా ఎలా నిలబడతాడో లెక్క కట్టడం ఆసుపత్రిలో ఆమె ఉద్యోగం. నిలబడ్డ మనిషి నిజానికి ఎప్పుడూ కాస్త ఊగుతూనే ఉంటాడట. ఒరిగిన సంగతి పాదాలు, కళ్ళు, లోపలి చెవి మెదడుకు కబురు పెడతాయి, మెదడు సర్దుతుంది. కబురు ఆలస్యమైతే సర్దడం ఎక్కువై మనిషి రెండో పక్కకు తూలతాడు. వదిన దీన్నంతా సమీకరణాల్లో పెట్టింది. ఆసుపత్రికి వచ్చే ముసలివాళ్ళు మాత్రం ఆమె లెక్కకన్నా తక్కువ ఊగేవారు. ఎందుకో అంతుపట్టేది కాదు.

ఆమె భర్త, మేము అన్నయ్య అనే ఆయన, దర్జీ. ఒక జ్వరం వచ్చిపోతూ ఆయన లోపలి చెవిని పాడుచేసింది. కళ్ళు తెరిచి ఉంటే నడిచేవాడు, గుడ్డ కత్తిరించేవాడు. మూస్తే పడిపోయేవాడు. ఆయన బెంగ ఒక్కటే: వారంవారం జరిగే ప్రార్థనలో మునుపటిలా అందరితోపాటు నిలబడి కళ్ళు మూసుకోవాలి. కుర్చీ వేస్తే కూర్చునేవాడే గానీ, మనసంతా నిలబడ్డవాళ్ళ వరుసలోనే ఉండేది.

ఆయన కొలతలతో వదిన లెక్క వేస్తే, కళ్ళు మూస్తే పడతాడనే తేలింది.

"నీ లెక్కకు నా మీద కక్షేమో. నన్నే నిలబెట్టి చూడరాదూ" అన్నాడాయన.

ఆసుపత్రిలో ఊగడాన్ని కొలిచే పలక మీద నిలబెట్టారు. వదిన కళ్ళు ఆ ఊగుడును గీతగా చూపే తెర మీదే ఉన్నాయి. ఆయన కళ్ళు మూసుకున్నాడు. గీత కొద్దిగా వణికి, కుదురుగా సాగిపోయింది. తన లెక్క తప్పినందుకు ఆమె దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఆ సంతోషంతోనే వెనక్కి తిరిగింది.

అన్నయ్య వెనక, రోగులకు సాయం చేసే ఆయమ్మ ఆయన వీపుకు ఒక వేలు ఆనించి నిలబడి ఉంది.

"పట్టుకున్నావా ఆయమ్మా?"

"పట్టుకోలేదమ్మా, ఊరికే తాకించాను. పడతారేమోనని ప్రాణం ఒప్పుకోదు. ముసలివాళ్ళకీ ఇంతే చేస్తాను."

వదినకు అప్పుడు అంతుపట్టింది. ఆ వేలు బరువు మోయలేదు, ఎటు ఒరుగుతున్నాడో ఆయన మెదడుకు చెప్పిందంతే. వేలు తీయమని మళ్ళీ చూశారు. అన్నయ్య తూలాడు, వదిన పట్టుకుంది.

ఆ వారం ప్రార్థనలో ఆయన వరుసలో నిలబడి కళ్ళు మూసుకున్నాడు. వెనక నుంచి వదిన వేలు ఆయన చొక్కాకు ఆని ఉంది.

"కాసేపు తీసి చూడవే" అని గొణిగాడు.

"ఇవాళ వద్దులెండి."

ప్రతి వారమూ ఆయన అడుగుతాడు, ఆమె అదే చెబుతుంది. పక్కపక్కనే నిలబడి, మునుపటిలా తనూ కళ్ళు మూసుకోవాలని ఆమెకు మాత్రం ఉండదా? ఆయన భుజాల మీద నుంచి చూపు తిప్పకుండా, కళ్ళు తెరుచుకునే ప్రార్థిస్తుంది.