లప్పం లేదని చెప్పాను

కొన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. నోట్లోంచి రావడానికి ఊపిరి కూడా ఖర్చు కాలేదు. కానీ ఇప్పటికీ దిగడం లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

నేను కార్లకు పెయింటు కొడతాను. హిందూపురంలో పెనుకొండ రోడ్డు మీద మాదొక రేకుల షెడ్డు. సగం నాది, సగం ఓబులన్నది. ఆయన కార్ల సొట్టలు తీసి రేకు సరిచేస్తాడు, ఆ తర్వాత నేను రంగు కొడతాను. ఓబులన్న నాకు చుట్టమేమీ కాదు. వయసులో పెద్దవాడు, పనిలో ఇంకా పెద్దవాడు.

చాలా ఏళ్లుగా కుర్రాళ్లకు వెడల్పు చక్రాల పిచ్చి పట్టింది కదా. కారుతో వచ్చినవి పీకేసి లావుపాటివి వేయించుకుంటారు. గుంతలో పడగానే ఆ టైరు పోయి పైనున్న ఫెండరు రేకు అంచుకు రాసుకుంటుంది. రేకు అంచు కత్తిలా ఉంటుంది, టైరును చీల్చేస్తుంది. అందుకని ఆ అంచును లోపలికి మడిచి అణచాలి. చెప్పడానికి తేలికే. పెయింటు చల్లగా ఉంటే పగులుతుంది, వేడి ఎక్కువైతే పొంగుతుంది. బెంగళూరులో కూడా చాలామంది, మడిచాక మళ్లీ రంగు కొట్టించుకోండని ముందే చెప్పేస్తారు. ఓబులన్న మడిస్తే మాత్రం నాకు పని ఉండేది కాదు. వెంట్రుకంత పగులు కూడా కనిపించేది కాదు.

ఆయన పని చేస్తుంటే మీరు చూడాలి. చక్రం విప్పేసి అక్కడ రోలరు బిగిస్తాడు. అంచును వేడి చేస్తూ మధ్యమధ్యలో చెయ్యి ఆనించి చూసుకుంటాడు. ఏ వేడికి పెయింటు మెత్తబడుతుందో ఆ చేతికే తెలియాలి. రోలరును అటూ ఇటూ ఆడిస్తుంటే రేకు కొద్దికొద్దిగా లోపలికి ఒదిగిపోతుంది. చేతిలో తొందర ఉండదు, నోరు మాత్రం ఆగదు. "నా చెయ్యి పడితే రేకు కూడా సిగ్గుతో ముడుచుకుంటాదప్పా" అని తన్ను తానే పొగుడుకుంటాడు. గొప్పలు చెప్పుకునేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. కానీ ఈయన్ను ఏమనగలం? చెప్పుకున్నదానికన్నా బాగా చేసేవాడు.

పని అయ్యాక ఇంకో తమాషా. టీ అంగడి దగ్గర కూర్చున్న లావుపాటి వాళ్లనందర్నీ వెనక సీట్లో కుక్కి పెనుకొండ దాకా తీసుకుపోయేవాడు. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా అందర్నీ నోరు మూసుకోమని చెవి రిక్కించేవాడు. టైరు రాసుకున్న చప్పుడు రాకపోతే పెనుకొండలో అందరికీ దోసెలు. చప్పుడు వచ్చిన రోజు నాకు గుర్తులేదు. నేనూ ఆ దోసెలు చాలాసార్లు తిన్నాను. తింటూ ఆయన చేతుల వైపే చూసేవాణ్ణి. అది ఇష్టమా, అసూయా? ఎప్పుడూ తేల్చుకోలేదు.

ఇక ఆ తెల్ల కారు సంగతి. అది మొదట మా ఊరి కారే. దాని యజమాని వెనక చక్రం పైనున్న రేకును గేటు స్తంభానికి గుద్దించుకున్నాడు. కారు అమ్మేయాలి, గుద్దినట్టు ఎవరికీ తెలియకూడదన్నాడు. అప్పుడు ఓబులన్న ఊళ్లో లేడు, బంధువుల పెళ్లికని నంబులపూలకుంట పోయాడు. ఆయన వచ్చేదాకా ఆగమని చెప్పొచ్చు కదా? చెప్పలేదు. సొట్ట తీయకుండానే దాన్ని పూడ్చేలా లప్పం ముద్ద మెత్తి, నున్నగా అరగదీసి, రంగు కలిపి కొట్టాను. ఎండలో పెట్టి చూసినా తేడా కనిపించలేదు. దాచడమెందుకు, భలే గర్వంగా అనిపించింది. ఓబులన్నకు మాత్రం చెప్పలేదు.

కొన్నాళ్లకు ఆ కారు మళ్లీ మా షెడ్డుకే వచ్చింది. ధర్మవరంలో పట్టుచీరల అంగడి నడిపే ఒక కుర్రాడు దాన్ని కొన్నాడు. కంపెనీ పెయింటు చెడకుండా అంచులు మడిచేది ఓబులన్న ఒక్కడేనని ఎవరో చెబితే, వెడల్పు చక్రాలు వెంట తెచ్చుకున్నాడు. ఓబులన్న మిగతావన్నీ ఎంతో అందంగా మడిచి చివరగా ఆ చక్రం దగ్గరికి వచ్చాడు. వేలి కణుపుతో రేకును తట్టాడు. మళ్లీ తట్టాడు. నా వైపు తిరిగాడు.

"ఏమప్పా, ఈడ మొద్దుగా పలకతాండాది. లప్పం గిప్పం ఏమన్నా ఉండాదా?"

"లేదన్నా. కంపెనీ పెయింటే."

"సరిగ్గా చూసి చెప్పబ్బా."

"పెయింటు సంగతి నాకు తెలీదా అన్నా?"

ఆయన నవ్వాడు. "అయితే నా చెవిలోనే గుబిలి చేరినట్టుండాది. పెయింటు కాడ నీ మాటే మాట" అని వేడి చేయడం మొదలుపెట్టాడు.

ఎందుకన్నాను ఆ మాట? కారు కొన్న కుర్రాడు పక్కనే నిలబడి ఉన్నాడు, ఉందంటే నా పాత మోసం బయటపడుతుంది. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న కారణం ఇదే. ఇది నిజమే, కానీ సగమే. రెండో సగం చెప్పాలంటే సిగ్గేస్తోంది. ఓబులన్న అంతటివాడు నా పని ముందు తడబడ్డాడు, కంటికి దొరకక, చేతికి దొరకక, చివరికి నన్ను అడగాల్సి వచ్చింది. ఆ క్షణం నాకు సంతోషమైంది. ఆ సంతోషం ఇంకాసేపు ఉండాలని అబద్ధమాడాను. పగలదేమో అనుకున్నానా? లేదు. లప్పం రేకులా వంగదు, పగులుతుంది. పెయింటు సంగతి నాకు బాగా తెలుసు.

టప్‌మంది. రంగు పెచ్చు లేచి, అంచు పొడవునా పగులు పారింది. ఆ కుర్రాడు నోటికొచ్చినట్టు తిట్టాడు. ఇందుకేనా ధర్మవరం నుంచి వచ్చింది అని అరిచాడు. ఓబులన్న తన చేతి వైపే చూసుకుంటూ నిలబడిపోయాడు. నేను పరుగున పోయి ఆ పగులు మీద కాగితం అతికించేశాను. లోపల లప్పం ఎవరికీ కనిపించకూడదు కదా. నేను చూసుకుంటానులే అన్నాను. ఎవరూ లేనప్పుడు అంతా గీకేసి, మళ్లీ పూసి, మళ్లీ రంగు కొట్టాను. తన పరువు కాపాడానని ఓబులన్న నా రెండు చేతులూ పట్టుకున్నాడు. థూ, నా బతుకు!

ఆ తర్వాత ఆయన రోలరు ముట్టలేదు. వెడల్పు చక్రాలతో ఎవరొచ్చినా బెంగళూరు పొమ్మనేవాడు. పెనుకొండ ప్రయాణాలు ఆగిపోయాయి, గొప్పలు కూడా ఆగిపోయాయి. నన్ను తినేసేది మాత్రం అది కాదు. చిన్న సొట్ట తీసినా నన్ను పిలిచి, సమంగా వచ్చిందా చూడమంటాడు. ఎవర్నీ ఏదీ అడగని మనిషి, ప్రతిదానికీ నన్ను అడుగుతాడు. నేను పోయి చూస్తాను. ప్రతిసారీ బ్రహ్మాండంగా ఉంటుంది. బాగుందన్నా అంటాను. నమ్మినట్టు తలాడిస్తాడు.

మొన్న నన్ను తోడు తీసుకుని బెంగళూరులో నరాల డాక్టరు దగ్గరికి పోయాడు. చేతిలో ఏదో జబ్బుందని ఆయన అనుమానం. డాక్టరు వేళ్లు మడిపించాడు, పిడికిలి బిగించమన్నాడు, కళ్లు మూయించి సూదితో గుచ్చి చూశాడు. ఈ చేతికేమీ లేదు, హాయిగా పని చేసుకోమన్నాడు. బస్సులో వస్తూ ఓబులన్న చెయ్యి తిప్పి తిప్పి చూసుకుని, "డాక్టరుకేం తెలుస్తాదప్పా. ఆ పొద్దు జారింది నాకు తెలుసు కదా" అన్నాడు. నేను నోరు తెరిచాను. దిగాక టీ తాగుదామా అన్నా అని అడిగాను.

ఆయన కొడితే పడతాను. షెడ్డు విడిపోతే పోతుంది. మరి దేనికింత భయం? చెప్పిన మరుక్షణం, పోయిన ఇన్నేళ్ల పనిని ఆయన నా ముందే లెక్క వేసుకుంటాడు. అప్పుడు ఆయన ముఖం నేను చూడాలి. క్షమించమని అడగడానికి కూడా నాకు నోరు లేదు.

ఆయన ముందు ఎప్పటికైనా అంటానో లేదో చెప్పలేను. మీ ముందు అంటున్నాను. ఆ తెల్ల కారు రేకు మీద లప్పం ఉంది. పూసింది నేను. ఓబులన్న చెయ్యి జారలేదు.