జేజి మరిచిన పాతర

మొన్న మా కోడలు కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చుంది. తాను పెట్టుకున్న పాస్‌వర్డ్ తానే మరిచిపోయిందట. ఆఫీసు పనంతా అందులోనే ఉంది, ఎన్ని మాటలు కొట్టి చూసినా అది తెరుచుకోదు. ఆ బిత్తర చూపులు చూస్తుంటే నాకు మా జేజి, నాయనను కన్నతల్లి, గుర్తొచ్చింది.

మా చిన్నప్పుడు ఉరవకొండ పక్క పల్లెల్లో జొన్నలు నేలలో పాతర వేసేవాళ్ళు. గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, గింజలు పోసి, పైన మన్ను కప్పి అలికేస్తే పక్కింటివాళ్ళకు కూడా ఆనవాలు దొరకదు. మా పాతర వేసినప్పుడు నాయన గుంతకల్లులో కూలికి ఉన్నాడు, అమ్మ తమ్ముడి కాన్పుకు మమ్మల్నీ వెంటబెట్టుకుని పుట్టింట్లో ఉంది. చోటు తెలిసింది తాతకూ జేజికీ మాత్రమే. తాత పోయాడు. ఆ వెంటనే జ్వరం పడి లేచిన జేజికి మా పేర్లే నిలవలేదు, ఇక పాతర ఎక్కడిది?

ఆ ఏడాది వానలు లేవు. కుండలో గింజలు అయిపోయాయి. నాయన దొడ్డంతా గునపంతో పొడిచి, చివరికి జేజి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"యాడ పెట్టినావో సెప్పుమా, పిల్లోల్లు పస్తుండారు!"

"నాకేం తెలుసురా నాయనా, నన్నెందుకు సంపుతావు?" అని ఆమె ఏడ్చేది. మేమూ ఏడ్చేవాళ్ళం.

మూడోనాడు అమ్మ గంపలో మన్ను నింపి నెత్తిన పెట్టుకుని జేజి ముందు నిలబడింది.

"అత్తా, జొన్నలు తెచ్చినా. యాడ పోయల్ల?"

"కండ్లు యాడ పెట్టినావే? దినామూ సెప్పల్లనా నీకు?" అని కసురుతూ జేజి లేచి, దొడ్డి దాటి, కంపకుప్ప దగ్గరికి పోయి ముళ్ళలోనే కాలు పెట్టబోయింది. ఆ కంప పాతర వేశాక మేము తెచ్చి వేసింది. దాని కింద ఎవరూ వెతకలేదు. కంప లాగి తవ్వితే గడ్డి తగిలింది. మూసిన పాతరలో చెడుగాలి మనిషిని చంపుతుందని నాయన లోపలికి దీపం దించి, అది ఆరకుండా వెలుగుతోందని చూశాకే దిగాడు.

ఆ పొద్దు సంగటి తింటూ జేజి, "ఎవురింటి జొన్నలే ఇవి? వాళ్ళ కడుపు సల్లగుండ" అని దీవించింది. నాయన ముద్ద వదిలి బయటికి పోయాడు.

కోడలి ఫోనుకు ఏవో అంకెలు వచ్చాయి, కంప్యూటర్ తెరుచుకుంది. నవ్వుతూ కొత్త మాట పెట్టుకుంది. ఈ కాలంలో మరిచినదాన్ని గుర్తుచేయడానికి ఇన్ని ఏర్పాట్లు ఉన్నాయి, సంతోషమే. మాకు మాత్రం గింజలు దొరికాయి గాని, వాటిని పాతర వేసిన మనిషి మళ్ళీ దొరకలేదు.